వాసన లేదని రాసిన పువ్వు

కలరా ఉండల వాసన నాకు పడదు. అయినా పోయిన నెల అశ్వారావుపేట నుంచి మా సుగుణత్త పంపిన మూట నాలుగు రోజులపాటు నా మంచం పక్కనే ఉంది. విప్పలేదు. పాత నేత చీర చింపి కట్టిన మూట అది. లోపల అట్టలున్నాయనీ, అట్టల మధ్య పాత పేపర్లున్నాయనీ పైనుంచి తడిమితేనే తెలుస్తోంది. కలరా ఉండలు, ఎండి పొడైన వేపాకు, ముసురు పట్టిన రోజుల్లో బియ్యం బస్తా నుంచి వచ్చే ముక్కవాసన, ఈ మూడూ కలిసి ఖమ్మంలో నేనుండే ఈ రెండు గదుల ఇంట్లో మూలమూలకూ పాకాయి. మూటతో పాటు ఒక పెయింట్ డబ్బా కూడా వచ్చింది. దాన్నిండా ఇసుక కలిసిన మట్టి, మట్టిలో పిడికిలంత ముళ్ళ ఉండ, దాని చుట్టూ ఉసిరికాయలంత పిల్లలు ఐదారు. బస్సు కండక్టర్ దాన్ని నా చేతికిస్తూ, దారిపొడుగునా కాళ్ళకు గుచ్చుకుందని నన్ను తిట్టినంత పని చేశాడు. అత్త ఫోన్లో పెద్దగా ఏమీ చెప్పలేదు.

"తోటకాడి ఇల్లు ఖాళీ చేస్తున్నం బిడ్డా. మీ చిన్నాన్నవి నా దగ్గర ఇవే ఉన్నయ్. ఎవలికియ్యాల్నో తెల్వక నీకు పంపిన" అంది.

అత్తకు తెలియక పంపింది గానీ, అవి నాకే రావాలి. ఆ అట్టల మధ్య ఒక కాగితం మీద నా పదేళ్ళ వయసు చేతిరాతలో ఒక అబద్ధం ఉంది. అది అబద్ధమని మా చిన్నాన్నకు తెలుసో, నా మాట నమ్మే పోయాడో, ముప్పై ఏళ్ళు దాటినా నాకు తెలియదు. నేను బడిలో తెలుగు చెబుతాను. పిల్లలు జాతర మీద వ్యాసం రాసుకొస్తే, చూడకుండానే చూసినట్టు రాశారని నాకు ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ మాత్రం నా ఎర్ర పెన్ను కదలదు.

మా ఊరు పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, బస్సు దిగి లోపలికి ఒక మైలు నడిస్తే వచ్చేది. వాకిట్లో నిలబడి ఒక పక్కకు చూస్తే అడవి, ఇంకో పక్కకు చూస్తే దూరంగా పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, చీకటి పడితే వాటి నెత్తిన వెలిగే ఎర్ర దీపాలు. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలే వాసనతో తెల్లారేది. కోయగూడేల ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని, మాకు అర్థం కాని వాళ్ళ భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ మా ఇంటి ముందు నుంచి అంగడికి పోయేవాళ్ళు. మా నానమ్మ వాళ్ళను ఆపి, చింతపండు ముద్ద ఇచ్చి దోసెడు ఇప్పపువ్వు తీసుకునేది. దాన్ని దోరగా వేయించి, నువ్వులూ బెల్లమూ వేసి రోట్లో దంచి ఉండలు చుడితే, అవి గౌను జేబులో వేసుకుని తిరిగే నా వెనక చీమలు తిరిగేవి. తర్వాత తునికాకు రోజులు వచ్చేవి. ఊరు ఊరంతా చీకటితో లేచి అడవికి పోయి, మధ్యాహ్నానికి ఆకు మోపులతో వచ్చి, చెట్ల నీడన కూర్చుని కట్టలు కట్టేది. మా వేళ్ళు నల్లబడి పసరు వాసన కొట్టేవి, ఆ చేతులతోనే తాటిముంజలు జుర్రుకునేవాళ్ళం. ఆఖరికి మిరుగు వచ్చేది. మిరుగంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు చేపల కూర వండని ఇల్లు మా వైపు ఉండదు.

మా ఇంటికి గోడ లేదు, జెముడు కంచె ఉండేది. మనిషెత్తు లేచిన బొంతజెముడు, దాని సందుల్లో పెన్సిళ్ళు గుత్తిగా గుచ్చినట్టుండే కాడజెముడు, ఒక మూల పాము పడగల్లాంటి నాగజెముడు. కంచె మొదట్లో ఉమ్మెత్త చెట్లు వాటంతట అవే మొలిచేవి. నాగజెముడు పండును బండ మీద రుద్ది, నూగుముళ్ళు పోయాక తింటే నోరంతా ఎర్రగా పండేది. పాన్ వేసుకున్నామని ఒకళ్ళకొకళ్ళం నాలుకలు చూపించుకునేవాళ్ళం. నూగుముళ్ళు సరిగ్గా పోకపోతే మాత్రం ఆ రోజంతా నాలుక బయట పెట్టుకునే తిరగాలి.

ఆ కంచె దగ్గరే నాకు మొక్కల చదువు మొదలైంది. చెప్పింది వీరభద్రం చిన్నాన్న, మా నాన్నకు ఆఖరి తమ్ముడు. కొత్తగూడెం కాలేజీలో మొక్కల శాస్త్రం రెండేళ్ళు చదివి, ఇంగ్లీషు పేపరు దగ్గర చతికిలబడి, పాల్వంచలో కాంట్రాక్టు పనికి షిఫ్టుల మీద పోయేవాడు. కాలేజీ వదిలేశాడు గానీ మొక్కల్ని వదల్లేదు. దొరికిన ప్రతి కొమ్మనూ పాత పేపర్ల మధ్య పరిచి, అట్టల మధ్య పెట్టి, ఆ అట్టలను బియ్యం బస్తా కింద దూర్చి, బస్తా మీద తిరగలి పెట్టేవాడు. వారం రోజులకు అది అప్పడంలా ఎండేది. అప్పుడు తెల్లటి దళసరి కాగితానికి దారంతో కుట్టి, కింద మూల స్కేలుతో గీతలు గీసి రాసేవాడు: పేరు, ఊరివాళ్ళు పిలిచే పేరు, దొరికిన చోటు, పువ్వు వివరం, వాసన, చూసినవారు. వాటిని షీట్లు అనేవాడు.

"బియ్యం కింద గడ్డి దాచుకునేటోన్ని నిన్నే చూసిన్రా" అనేది నానమ్మ. అన్నం వండడానికి బియ్యం తీయాలన్నప్పుడల్లా ముందు తిరగలి దించాలి కదా, ఆమె బాధ ఆమెది.

వాసన ఎందుకు రాయాలని ఒకసారి అడిగాను. "ఎండినంక రంగు పోతది, వాసన పోతది. ఆకారమొక్కటే ఉంటది. చూసినోళ్ళు రాయకపోతే ఇంకెవలికీ తెల్వది చిట్టీ" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు.

జెముళ్ళ పాఠం మాత్రం బాగా పట్టింది. చిన్నాన్న బొంతజెముడును ముల్లుతో గీరాడు, తెల్లగా పాలు వచ్చాయి. కాడజెముడును గిల్లాడు, పాలే. నాగజెముడు పడగను విరిచాడు, జిగురు నీళ్ళు తప్ప పాల చుక్క లేదు. "అన్నిటినీ జెముడే అంటం. పేరు కలిస్తే చుట్టమా, నెత్తురు కలవాలె గానీ. పాలున్నయి ఒక వంశం, పాలు లేని నాగజెముడు ఇంకో వంశం. అది ఓడెక్కి ఎక్కడనుంచో వచ్చింది" అన్నాడు. ముళ్ళు కూడా చూపించాడు. బొంతజెముడుకు ముళ్ళు జంటలుగా ఉంటాయి, నాగజెముడుకు ఒక్కో మెత్తటి చుక్కలోంచి గుంపుగా లేస్తాయి. ఇక నేను వాడలో ఉన్న ప్రతి చెట్టునూ గిల్లి నెత్తురు చూడడం మొదలుపెట్టాను. జిల్లేడు గిల్లి, దానికీ పాలున్నాయి కనుక అది జెముడుకు మేనబావ అని తేల్చి చెబితే చిన్నాన్న నవ్వలేదు; పాలొక్కటే చాలదు, పువ్వు కూడా చూడాలని ఉమ్మెత్త పువ్వు కోసి చూపించాడు. రెక్కలు ఐదు, అవి కలిసిపోయి గరాటులా ఉంటాయి, లోపల కేసరాలు ఐదు, మధ్యలో పుప్పొడి అంటుకునే కాడ కొస, కీలాగ్రం, ఒకటి. అది నా మొదటి పువ్వు పాఠం. ఎక్కాల కంటే గట్టిగా బట్టీ పట్టాను.

నాకు ఏడేళ్ళప్పుడు చిన్నాన్న ఒక డాల్డా డబ్బా పట్టుకుని డ్యూటీ నుంచి వచ్చాడు. ఫ్యాక్టరీ కాలనీలో ఎవరో బదిలీ అయి పోతూ వాకిట్లో పారేసిన కుండీలోంచి పెకిలించి తెచ్చాడట. డబ్బాలో నిమ్మకాయంత ముళ్ళ ఉండ. ఆకు లేదు, కొమ్మ లేదు. పైనుంచి కిందికి పొలం గట్లలా గట్లు దిగి ఉన్నాయి, పదమూడు. గట్టు గట్టునా బూడిద రంగు మెత్తటి చుక్కలు, చుక్క చుక్కకూ పొట్టి ముళ్ళ గుంపు. నేను గిల్లబోయి వేలు గుచ్చుకున్నాను. చిన్నాన్న గోటితో గీరితే నీళ్ళొచ్చాయి, పాలు రాలేదు.

నానమ్మ వంగి చూసి, "ఏదుపంది పిల్ల లెక్కున్నది. ఇంట్ల ముళ్ళ చెట్టేందిరా, అచ్చిరాదు" అంది. మేము ఆ రోజు నుంచే దాన్ని ఏదుపిల్ల అన్నాం.

పగలంతా అది ఊపిరి బిగబట్టుకుని ఉంటుందని చెప్పాడు చిన్నాన్న. ఎండలో నోరు తెరిస్తే లోపలి నీళ్ళు ఆవిరైపోతాయట. చల్లబడ్డాక, అందరూ పడుకున్నాక, ఒళ్ళంతా ఉన్న సన్నటి రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుందట. పూసినా రాత్రే పూస్తుందట. ఆ ఊపిరి వినాలని ఒక రాత్రి చెవి దగ్గర పెట్టి, చెవితమ్మెకు ముల్లు గుచ్చుకుని ఏడ్చాను. వినబడలేదు గానీ, ఆ తర్వాత చాలా రాత్రులు మంచంలో పడుకుని, చీకట్లో వసారా చివర అది మెల్లగా ఊపిరి పీలుస్తోందనుకుంటే నాకు ఒళ్ళు జలదరించేది.

చిన్నాన్న దాని పేరు తెలుసుకోవాలనుకున్నాడు. కాలేజీలో తనకు చదువు చెప్పిన సారు దగ్గరికి డబ్బాతో సహా పోయాడు. అటువంటివి ముళ్ళు చూసి తేల్చేవి కావనీ, పువ్వు లేకుండా పేరు చెప్పలేననీ, పూసిన రాత్రి పక్కన కూర్చుని లెక్కపెట్టి రాసుకు రమ్మనీ సారు చెప్పాడు. షీట్ బాగుంటే కాలేజీ బీరువాలో పెడతానని, కింద సేకరించినవాడి పేరు కూడా ఉంటుందని అన్నాడు. ఇంగ్లీషు పేపరు తప్పిన మనిషికి ఆ బీరువాలో పేరుండడం ఎంత మాటో నాకు ఇప్పుడు అర్థమవుతుంది. మూడేళ్ళు ఎదురుచూశాడు. ఏదుపిల్ల పిల్లలు పెట్టింది గానీ పువ్వు పెట్టలేదు.

నా పదో ఏట రోహిణి ఎండల్లో ఒక పక్క గట్టు మీద కుంకుడు గింజంత నల్లటి బొచ్చు ఉండ కనబడింది. ముందు చూసింది నేనే. అరిచి వేలు చూపించాను. నానమ్మ వచ్చి ఆ చేతి మీద ఒక్కటి ఇచ్చింది. "మొగ్గను వేలుతోని చూపిస్తే రాలిపోతది. చూపియ్యాల్నంటే వేలు మడిచి చూపియ్యాలె." అప్పటినుంచి ఇంట్లో అందరం వేలు మడిచే చూపించాం. మొగ్గ మొదట మెల్లగా, తర్వాత ఆత్రంగా పెరిగింది; బొచ్చు గొట్టం జానెడు సాగి, కొస ఉబ్బి తెల్లబడింది. కొడుకు దాని దగ్గర్నుంచి కదలకపోవడం చూసి, అచ్చిరాదన్న నానమ్మే దానికి దిష్టి తగులుతుందని భయపడింది. మా వైపు దిష్టికి బొంతజెముడు కొమ్మను దూలానికి తలకిందులుగా వేలాడదీస్తారు. మిరుగు రెండు రోజులుందనగా నాకు పని చెప్పింది.

"కొమ్మ కొట్టి ఒక దినమంత ఎండల పెట్టు. పాలు ఆరినంకనే కట్టాలె, యాదుంచుకో" అంది.

నేను యాదుంచుకోలేదు. గచ్చకాయల ఆటలో పడి, మిరుగు నాటి పొద్దున గుర్తొచ్చి, నానమ్మ అడిగేలోపు కొడవలితో కొమ్మ కొట్టి, పీట ఎక్కి, డబ్బాకు సరిగ్గా పైన దూలానికి కట్టేశాను. కాసేపటికి చిన్నాన్న రాత్రి షిఫ్టు దిగి, ఒక చేతిలో చేపల సంచితో వచ్చాడు. రాగానే మొగ్గ దగ్గరికి పోయాడు. తల పైకెత్తి, "ఎవలు కట్టిండ్రిది?" అన్నాడు. నరికిన చోట ఊరి, కొమ్మ వెంట కిందికి జారిన పాల చుక్క ఎడమ కంట్లో పడింది. చేపల చేత్తోనే రెండు కళ్ళూ నులుముకున్నాడు. మా నాన్న సైకిల్ మీద ఎక్కించుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి రెండు కళ్ళకూ కట్టుతో తిరిగొచ్చారు. చూపుకేమీ కాదనీ, మూడు రోజులు కట్టు విప్పొద్దనీ డాక్టర్ చెప్పాడు.

"కొమ్మ ఎండవెట్టినవా?" నానమ్మ నన్నే చూస్తూ అడిగింది.

"అవ్" అన్నాను. ఆ అబద్ధం ఎవరినీ పెద్దగా బాధించలేదు, అందుకే రెండోది తేలికైంది.

ఆ సాయంత్రం వసారాలో చిన్నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నానమ్మ పక్కన కూర్చుని చేప ముక్కలోంచి ముల్లు తీసి తీసి ఆయన చేతిలో పెడుతోంది. ముప్పై ఏళ్ళ కొడుకు చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి తింటున్నాడు. ఎక్కడో వాన పడినట్టుంది, మట్టి వాసనతో చల్లగాలి వచ్చింది. మొగ్గ ఎట్లుందని నన్ను అడిగాడు. కొస వదులైందన్నాను.

"ఇయ్యాలనే పూస్తది. చిట్టీ, ఇయ్యాల నా కండ్లు నువ్వే" అన్నాడు. రెక్కలు లెక్కపెట్టమన్నాడు. కేసరాలు ఎలా నిలబడ్డాయో చూడమన్నాడు, మధ్యలో కీలాగ్రానికి ఎన్ని పాయలున్నాయో, వాసన ఉందో లేదో చూడమన్నాడు. నేను లాంతరు, గోనెసంచి తెచ్చుకుని డబ్బా ముందు కూర్చున్నాను. చీకటి పడుతుంటే బయటి సన్న రెక్కలు ఒక్కొక్కటే వెనక్కి వాలడం చూశాను, మధ్యలో తెల్లగా చిన్న సందు తెరుచుకోవడం చూశాను. కడుపు నిండా చేపల కూర, మీద రెండు మామిడిపళ్ళు. నాకు అంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి ఎండ వసారాలోకి వచ్చేసింది. గోనెసంచి మీదే ఉన్నాను. నా మీద చిన్నాన్న తువ్వాల కప్పి ఉంది. నానమ్మ కప్పి ఉంటుందనుకున్నాను. పువ్వు తడిగుడ్డ పిండి ఆరేసినట్టు వేలాడుతోంది, రెక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. చిన్నాన్న రాత్రి కూర్చున్న చోటనే, గోడకు ఆనుకునే ఉన్నాడు. నేను కదిలిన చప్పుడు విని, "చెప్పు చిట్టీ" అన్నాడు. షీట్, పెన్ను నాకే ఇచ్చాడు, తాను రాయలేడు కనుక.

నిద్రపోయానని చెప్పడానికి నోరు రాలేదు. మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి కళ్ళకు కట్టు నావల్లే పడింది, ఆ కళ్ళ బదులు పెట్టిన కళ్ళు కూడా మూసుకుపోయాయని ఎలా చెప్పను? నాకు వచ్చిన పాఠం ఒక్కటే. "రెక్కలు ఐదు" అన్నాను. "కేసరాలు ఐదు. కీలాగ్రం ఒకటి" అన్నాను.

"వాసన?" అన్నాడు.

వాలిపోయిన పువ్వు దగ్గర ముక్కు పెట్టి చూశాను, ఏమీ రాలేదు. "లేదు" అన్నాను.

ఆయన ముఖం కొంచెం పైకెత్తాడు. "లేదా" అన్నాడు. "లేదు" అన్నాను మళ్ళీ. "సరే, రాయి" అన్నాడు. రాశాను. చూసినవారు అన్న చోట కూడా చిట్టి అని గుండ్రంగా రాశాను. తర్వాత ఆయన తడుముకుంటూ పువ్వును కోసి, గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, పేపర్లో పరిచి, బస్తా కింద తానే పెట్టుకున్నాడు.

మూడో రోజు కట్టు విప్పారు. చూపు బాగానే ఉంది. నన్ను ఏమీ అడగలేదు, ఎప్పటిలాగే కంచె దగ్గరికి పిలిచాడు, ఎప్పటిలాగే మాట్లాడాడు. కాలేజీ సెలవుల్లో ఉంది, తెరిచాక షీట్ పట్టుకుపోతానన్నాడు. ఆ లోపు వానలు దిగాయి. ఆషాఢంలో మొక్కల కోసం అడవి లోపలి ఊళ్ళకు పోయి, నాలుగు రోజులకు వణుకుతూ వచ్చాడు. చలిజ్వరం తలకెక్కిందన్నారు. భద్రాచలం దవాఖానాకు తన కాళ్ళ మీదే నడిచిపోయిన మనిషిని ట్రాక్టర్లో పడుకోబెట్టి తెచ్చారు. నేను ఆ ట్రాక్టర్ దగ్గరికి పోలేదు. కంచె వెనక నిలబడి చూశాను. చెప్పుదామనుకున్న మాట ఇక చెప్పడానికి మనిషి లేడని, అంత పసితనంలోనూ నాకు స్పష్టంగా తెలిసింది.

"పూసి నా కొడుకును మింగింది" అంటూ నానమ్మ డాల్డా డబ్బాను ఎత్తి కంచె మీదుగా విసిరేసింది. షీట్లు కూడా పొయ్యిలో పెట్టబోతే సుగుణత్త లాక్కుని, తన ట్రంకు పెట్టెలో దాచి, అశ్వారావుపేట అత్తవారింటికి పట్టుకుపోయింది. మా అమ్మ జ్వరం అంది, నాన్న దోమలు అన్నాడు. నాకు మాత్రం, చూడని పువ్వును చూశానన్నందుకే ఇదంతా అయిందని అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు మిరుగు నాటి రాత్రి ఇంట్లోకి ఒక వాసన వచ్చింది. నిమ్మపూతలాగా మొదలై, అంతకంటే చల్లగా, కాస్త పచ్చిపాలలాగా ఉన్న వాసన. వాడలో ఏ చెట్టుదీ కాదు. నానమ్మ లేచి కూర్చుంది. "వీరభద్రం వచ్చిండు" అంది, మామూలుగా, షిఫ్టు దిగి వచ్చినట్టుగా. లేచి తలుపు గడియ పెట్టి, పొద్దున దాకా గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లారి నేను కంచె వెనక్కి పోయి వెతికాను. బొంతజెముడు మొదట్లో తుప్పు పట్టిన డబ్బా పక్కకు పడి ఉంది, ఏదుపిల్ల దాన్ని దాటి నేలలో వేళ్ళూని, ఒక వాలిపోయిన పువ్వుతో బతికే ఉంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే నానమ్మ గడ్డపారతో పోతుందని భయం ఒకటి. వాసన లేదని రాసిన నా చేతిరాతను కొట్టేయడానికే ఆ వాసన వచ్చిందన్న భయం ఇంకొకటి.

రెండో ఏడు కూడా ఆమె తలుపు మూసింది. మూడో ఏడు వాసన రాగానే లేచి తలుపు బార్లా తెరిచింది. చెంబుతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర పెట్టి, పక్కన కూర్చుంది. "దూపైతుందేమో" అంది. నేను పక్కన చేరితే, "నీకొస్తున్నదా వాసన?" అని అడిగింది.

"వస్తున్నది నానమ్మా" అన్నాను. ఆ పువ్వు గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే. అది చెట్టు వాసనని మాత్రం ఆమె పోయేదాకా చెప్పలేదు, చెప్పనందుకు ఇప్పటికీ బాధపడను.

ఆమె పోయిన తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. పొక్లెయినర్ వచ్చి కంచెను ఒక పూటలో ఊడ్చేసింది. పాలు కారుతుంటే తవ్వే కుర్రాడు కళ్ళద్దాలు పెట్టుకున్నాడని అత్త చెప్పింది. అంతకుముందే ఏదుపిల్ల పెట్టిన పిల్లనొకదాన్ని తాను పెకిలించి పట్టుకుపోయిందన్న మాట మాత్రం అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఇళ్ళకు ఇనుప తీగ, సిమెంటు స్తంభాలు. నాగజెముడు పండు తిని నాలుక చూపించే పిల్లలు లేరు. బొంతజెముడుకూ నాగజెముడుకూ తేడా అడిగితే మా బడి పిల్లలు రెండిటినీ కాక్టస్ అంటారు, ఒకదాన్లో పాలుంటాయని ఎవరికీ తెలియదు. ఇప్పపువ్వు ఉండలు ప్యాకెట్లో దొరుకుతున్నాయి, చీమలు పట్టవు.

ఐదో రోజు మూట విప్పాను. ఉమ్మెత్త, తునికి, జిల్లేడు, ఒక్కొక్కటీ దారాలు ఊడి జారాయి. అడుగున ఉంది అది. తేనె రంగుకు తిరిగిన పువ్వు, ఉల్లిపొరంత పలచగా, గొట్టం మీద బొచ్చు ఇంకా అలాగే ఉంది. కింద నా గుండ్రటి అక్షరాలు. ప్రతి వరుస కిందా సన్నగా పెన్సిల్ రాత, చిన్నాన్నది.

రెక్కలు ఐదు అన్న చోట కింద, "ఉమ్మెత్త పాఠం" అని రాశాడు. చదివి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. కేసరాల కింద, "లెక్కలేనన్ని. కొన్ని లోపల, కొన్ని గొట్టం మూతి కాడ వడ్డాణం లెక్క చుట్టూ. వేలికి తెలిసినయ్." కీలాగ్రం కింద, "పదకొండు పాయలు. మూడుసార్లు తడిమిన." వాసన లేదు అన్న చోట కింద రాత కొంచెం పెద్దదిగా ఉంది: "ఉన్నది. తెల్లారిందాక ఉన్నది. చిట్టి నిద్రపోయింది. లేపబుద్ధి కాలే."

ఊరివాళ్ళు పిలిచే పేరు అన్న చోట, "ఏదుపిల్ల. అమ్మ పెట్టింది." పేరు అన్న గీత ఖాళీగా ఉంది. చూసినవారు అన్న చోట నేను రాసుకున్న చిట్టి అన్న మాటను కొట్టేయలేదు.

ఫోనులో పుస్తకాలు తిరగేసి, గట్లు, ముళ్ళు, గొట్టం మీది బొచ్చు, వడ్డాణంలాంటి కేసరాలు అన్నీ పోల్చి చూశాను. దాని వంశం పేరు ఎకినాప్సిస్. ఈ వంశాన్ని పండితులు ఒకసారి ఇంకో రెండు మూడు వంశాలతో కలిపారట, మళ్ళీ విడదీశారట. ఆ తగువు ఇంకా తెగలేదట. పేరుకు అర్థం మాత్రం మారలేదు. అది గ్రీకు మాటట. మన ఏదుపందిలాగే ఒళ్ళంతా ముళ్ళుండే చిన్న జంతువొకటి ఉందట, దానిలా కనబడేది అని అర్థమట. చిన్నాన్న మూడేళ్ళు వెతికిన పేరును నానమ్మ మొదటి రోజే, వాకిలి ఊడ్చే చీపురు చేత్తో పట్టుకుని చెప్పేసింది.

అత్త పంపిన డబ్బాలో వచ్చేటప్పుడే ఒక మొగ్గ ఉంది. వేలు మడిచే చూశాను. మిరుగు దాటిన మూడో రోజు, అంటే నిన్న, పూసింది. మేడ మీద డబ్బా పక్కన చాప వేసుకుని కూర్చున్నాను, ఈసారి నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని కీలాగ్రం పాయలను వేలితో తడిమాను. మొదటిసారి పది వచ్చాయి, రెండోసారి పన్నెండు, మూడోసారి పదకొండు. పెన్సిల్‌తో పేరు అన్న గీత మీద పేరు రాశాను. వాసన మెట్ల మీదుగా దిగి కింద ఇంట్లోకి పోయింది. నేనూ దిగి, వీధి తలుపు తీసి, గడప దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి వచ్చాను.